తాళ్ళ మీద లెక్కలు సరే, మాటల సంగతేంటి? ఇన్కా ఖిపుల పీటముడి

పెరూ రాజధాని లీమాకు దక్షిణంగా కన్యేతె అనే లోయ ఉంది. ఎండిపోయిన గుట్టల మధ్య అక్కడ ఇన్కావాసి అనే పాత కట్టడాల శిథిలాలున్నాయి. సుమారు పదేళ్ళ క్రితం అలెహాంద్రో చూ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆయన బృందం అక్కడి గిడ్డంగి గదులను తవ్వుతుంటే వేరుశనగకాయలు బయటపడ్డాయి. ఐదువందల ఏళ్ళ నాటి కాయలు. ఇంకోచోట ఎండుమిరపకాయలు, మరోచోట నల్ల చిక్కుడు గింజలు. వాన అన్నది దాదాపు ఎరగని నేల కాబట్టి అన్నీ అలాగే ఉన్నాయి. (అనంతపురం చేలకూ గుంటూరు మిర్చి యార్డుకూ పేరు తెచ్చిన ఈ రెండు పంటల పుట్టిల్లు అమెరికా ఖండాలే. పోర్చుగీసు ఓడలు రాకముందు మన వాళ్ళ కారం ఎక్కువగా మిరియాలదే.)

ఆ కాయల కింద చుట్టలు చుట్టిన తాళ్ళు దొరికాయి. తాళ్ళ నిండా ముడులు.

గోనెసంచులు కట్టిన పురికొసలు కావవి. ఆ గిడ్డంగి చిట్టాపద్దులు. వాటి పేరు ఖిపు. ఆండీస్ కొండల్లో మాట్లాడే కెచువా భాషలో ఆ మాటకు ముడి అనే అర్థం. తెలుగులో ‘ఇంకా’ అని రాస్తే వాక్యం అర్థమే మారిపోతుంది కాబట్టి అప్పట్లో ఆ నేలను ఏలిన రాజుల్ని ఈ వ్యాసంలో ఇన్కాలు అని రాస్తున్నాను.

ఇన్కాల రాజ్యం పెద్దదే. ఇప్పటి కొలంబియా దక్షిణ కొస నుంచి చిలీ మధ్య దాకా, ఆరు దేశాల్లోకి విస్తరించింది. కొండలు తొలిచి, లోయల మీద గడ్డితాళ్ళ వంతెనలు వేసి కట్టిన వాళ్ళ బాటల పొడవు సుమారు 30,000 కిలోమీటర్లు. 2014లో యునెస్కో ఆ బాటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బండి చక్రం లేదు, గుర్రం లేదు, ఇనుము లేదు. మనం రాత అని గుర్తుపట్టగలిగేది ఒక్క గీత కూడా లేదు. కాగితం, తాళపత్రం, రాగిరేకు, శిలాశాసనం, ఏదీ లేదు. అయినా ఏ ఊళ్ళో ఎంతమంది మగవాళ్ళు పనికి రావాలి, ఏ గిడ్డంగిలో ఎన్ని బస్తాల మొక్కజొన్న ఉంది, ఎవరు ఎన్ని బట్టలు నేసి ఇవ్వాలి అన్న లెక్కలన్నీ రాజధాని కుస్కోలో కూర్చున్న రాజుకు చేరేవి. చేర్చింది ఈ తాళ్ళే. వాటిని ముడివేసి, చదివి, దాచిపెట్టే ఉద్యోగిని ఖిపుకమాయుక్ అనేవారు. మన పల్లెల్లో ఒకప్పటి కరణం లాంటివాడు అనుకోండి. కలం బదులు చేతిలో దారం, అంతే తేడా.

ఇప్పుడు ప్రపంచంలోని మ్యూజియాల్లో, సొంత సేకరణల్లో కలిపి వెయ్యికి పైగా ఖిపులున్నాయి. వాటిలో దాదాపు మూడువందలు ఒక్క బెర్లిన్ మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిలోని అంకెల్ని చదవడం వందేళ్ళకు పైగా మనకు వచ్చు. కానీ ఆ అంకెలు దేని తాలూకువో తెలియదు. కొన్ని ఖిపుల్లో అంకెలే లేవు, అవి చెప్పేదేమిటో అసలే తెలియదు. ఈ పీటముడి ఎలా పడిందో, ఎక్కడెక్కడ కాస్త వదులవుతోందో చూద్దాం.

ముందు చదవడం నేర్చుకుందాం, పెద్ద కష్టం కాదు. కాస్త మందపాటి తాడు ఒకటి అడ్డంగా ఉంటుంది, అది ప్రధాన తాడు. దానికి దండెం మీద తడిబట్టల్లా సన్నటి తాళ్ళు వేలాడుతుంటాయి. పది ఉండొచ్చు, వంద ఉండొచ్చు, కొన్నిటికి వెయ్యి కూడా దాటతాయి. వేలాడే తాడుకు మళ్ళీ పిల్ల తాళ్ళు, వాటికీ పిల్లలు. ఒక్కో తాడు మీద ముడులు గుంపులు గుంపులుగా, మధ్య మధ్య ఖాళీతో ఉంటాయి. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో లెక్కలు చెప్పే లెలాండ్ లాక్ అనే ఆయన న్యూయార్క్ మ్యూజియంలోని ఖిపులను ముందేసుకుని కూర్చుని, ఇది పదుల పద్ధతి అని 1912లో తేల్చాడు. తాడు అడుగున ఒకట్లు, దానిపైన పదులు, ఆపైన వందలు. పైకి, అంటే ప్రధాన తాడు వైపు వెళ్ళేకొద్దీ స్థానం విలువ పెరుగుతుంది.

ఒక పురికొస తీసుకుని 205 వేసి చూడండి. పైన, వందల చోట, రెండు మామూలు ముడులు వెయ్యాలి. పదుల చోట ఏమీ వెయ్యకూడదు, ఖాళీగా వదిలెయ్యాలి. ఆ ఖాళీయే సున్నా. కింద, ఒకట్ల చోట, విడివిడిగా ఐదు ముడులు వెయ్యరు. ఒకే ముడి వేస్తూ దారాన్ని లోపల ఐదుసార్లు మెలితిప్పి బిగిస్తారు. పొడుగ్గా, చిన్న స్ప్రింగులా వస్తుంది. మెలికలు లెక్కపెడితే అంకె తెలుస్తుంది. ఒకట్లకే ఈ ప్రత్యేక ముడి ఎందుకంటే, అది కనిపించిందంటే సంఖ్య అక్కడితో అయిపోయిందని అర్థం. ఒకే తాడు మీద రెండు మూడు సంఖ్యలు వరసగా వేసినా కలిసిపోవు.

ఇక్కడో చిక్కుంది. ఒకట్ల చోట ఒకటే వెయ్యాల్సి వస్తే? పొడుగు ముడిలో ఒక్కటే మెలిక తిప్పితే అది మామూలు ముడి అయిపోతుంది, పది అనుకునే ప్రమాదం. అందుకని ఒకటి కోసం 8 అంకె ఆకారంలో వేరే ముడి పెట్టుకున్నారు. ఇది తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఎప్పుడో ఎవరో గుమాస్తా ఆ పొరపాటు చేసి చీవాట్లు తిని ఉంటాడు, ఆ తర్వాతే ఈ ముడి పుట్టి ఉంటుందని నా ఊహ.

తర్వాత మార్షా ఆషర్ అనే గణిత శాస్త్రవేత్త, ఆమె భర్త, మానవ శాస్త్రవేత్త రాబర్ట్ ఆషర్ కలిసి వందలాది ఖిపుల ముడులు, రంగులు, ఖాళీలు కొలిచి పట్టికలుగా రాశారు. కొన్ని తాళ్ళలోని సంఖ్యలు కూడితే వచ్చే మొత్తం ఇంకో తాడు మీద ఉండటం వాళ్ళు చాలాచోట్ల చూపించారు. అంటే ఇవి అలంకారాలు కావు, జపమాలలు కావు, పద్దులే. దానితోపాటు పదుల పద్ధతికి లొంగని ఖిపులు కూడా వాళ్ళకు తగిలాయి. అలాంటివి ఐదో వంతు ఉంటాయని కొందరు, మూడో వంతు దాకా ఉంటాయని కొందరు అంచనా వేస్తారు.

కాగితం వచ్చాక

1532 నవంబరు 16న కహమార్కా అనే ఊళ్ళో, స్పెయిన్ నుంచి దండెత్తి వచ్చిన ఫ్రాన్సిస్కో పిసారో మనుషులు ఇన్కా రాజు అతావల్పాను పట్టుకున్నారు. ఆ తర్వాతి ఏడాది ఫ్రాన్సిస్కో తమ్ముడు హెర్నాండో పిసారో రాసిన ఉత్తరంలో చిన్న ముక్క ఒకటుంది. దారిలో గిడ్డంగుల నుంచి స్పానిష్ సైనికులు కట్టెలు, మొక్కజొన్న, గొర్రెలు (బరువులు మోసే లామా అనే జంతువులను వాళ్ళు అలాగే పిలిచేవారు) తీసుకుంటుంటే, లెక్క చూసేవాడు తాడు మీద కొన్ని ముడులు విప్పి, ఇంకోచోట వేశాడట.

ఈ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. ఊరి మీద పడ్డ కత్తులవాళ్ళు అందినకాడికి ఎత్తుకుపోతుంటే, ఆ గుమాస్తా పక్కన నిలబడి, నిల్వలోంచి తగ్గించి ఖర్చులో చూపిస్తున్నాడు. రాజు బందీ అయ్యాడు, రాజ్యం కూలిపోతోంది. ఆయన మాత్రం చిట్టా సరిచేస్తున్నాడు.

ఆ చిట్టా వృథా పోలేదు. హౌహా ప్రాంతంలోని వాంకా తెగ పెద్దలు మొదటి నుంచీ స్పెయిన్ వాళ్ళ పక్షాన నిలిచారు. తాము చేసిన సాయానికి ప్రతిఫలం ఇవ్వాలంటూ 1561లో వాళ్ళు లీమా న్యాయస్థానం ముందు వాదన పెట్టారు. పిసారో వచ్చిన నాటి నుంచి తాము ఇచ్చిన మనుషులు, లామాలు, బట్టలు, ధాన్యం, పాదరక్షలు, కుండలు, చివరికి కోళ్ళు కూడా ఎన్నెన్నో ఖిపులు చూసి చెబుతుంటే స్పానిష్ గుమాస్తాలు కాగితం మీద రాసుకున్నారు. తామే ఇచ్చింది ఒక పద్దు, సైనికులు దోచుకుపోయింది ఇంకో పద్దు. దోపిడీకి కూడా లెక్క రాశారు! జాన్ ముర్రా అనే మానవ శాస్త్రవేత్త ఈ జాబితాలను దగ్గర పెట్టుకుని పరిశీలిస్తే సరుకుల వరస ప్రతిసారీ దాదాపు ఒకేలా కనిపించింది. మొదట మనుషులు, తర్వాత జంతువులు, తర్వాత బట్టలు. ఖిపులో తాళ్ళ వరస కూడా అదే అయ్యుండాలని ఆయన అన్నాడు.

అయితే చదవడానికి మార్గం దొరికినట్టే కదా అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే. వాంకా పెద్దలు చదివి వినిపించిన కాగితం మన దగ్గరుంది, ఆ తాళ్ళు లేవు. మ్యూజియాల్లో తాళ్ళున్నాయి, వాటి కాగితాలు లేవు. ఈజిప్టు రాతను విప్పడానికి ఒకే విషయాన్ని రెండు భాషల్లో చెక్కిన రోసెట్టా శిల దొరికింది. ఖిపులకు అలాంటి జత ఏదీ దొరకలేదు.

అది దొరక్కపోవడానికి చర్చి కొంత కారణం. 1582, 83ల్లో లీమాలో జరిగిన మూడో మతసభ, పాత పూజలకూ మొక్కులకూ పనికొచ్చే ఖిపులను జనం దగ్గర్నుంచి లాక్కుని నాశనం చెయ్యమంది. అలాగని అన్నీ తగలబెట్టేశారని అనుకోవద్దు, చాలా వ్యాసాలు ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాయి. పన్ను లెక్కలకు అధికారులకు ఖిపులు కావాలి. పాదిరీలకు కూడా కావాల్సి వచ్చాయి. హోసె దె అకోస్తా అనే జెసూట్ మతగురువు 1590లో అచ్చయిన తన పుస్తకంలో, ఒక ఆడమనిషి జీవితకాలంలో చేసిన పాపాలన్నీ గుప్పెడు దారాల మీద ముడివేసుకుని ఒప్పుకోవడానికి తెచ్చిందని రాశాడు. పాపాల జాబితాలో ఏ తాడు అబద్ధానిది, ఏ తాడు దొంగతనానిదో ఆమెకు తెలుసు. ఆ పాదిరీకి తెలియదు. ఇవాళ మన అవస్థా ఆ పాదిరీదే.

కెచువా తల్లికీ స్పానిష్ తండ్రికీ 1539లో కుస్కోలో పుట్టిన గార్సిలాసో దె లా వేగా సంగతి కూడా చెప్పాలి. ఖిపులు తనకు చదవడం వచ్చని ఆయన రాసుకున్నాడు. పన్ను కట్టడానికి వచ్చిన ఊరిపెద్దలు స్పానిష్ కాగితాల్లో రాసింది నమ్మలేక, ఆ పిల్లవాడితో కాగితం చదివించుకుని తమ తాళ్ళతో సరిచూసుకునేవారట. మోసపోకుండా ఉండటానికి వాళ్ళకు తాడే ఆధారం. అదే గార్సిలాసో, ముడి అంకెను చెబుతుందిగానీ మాటను చెప్పదని కూడా రాశాడు. వివరాలు కంఠస్థం చేసుకోవడం గుమాస్తాల పని అన్నాడు. బెర్నాబె కోబో అనే ఇంకో మతగురువు 1653లో ఒక అడుగు ముందుకేసి, ఒక ఖిపుకమాయుక్ వేసిన ఖిపును మరొకడు చదవలేడన్నాడు.

ఈ రెండు మాటల మీదే మూడువందల ఏళ్ళు వాదన నడిచింది. ఖిపు అంటే కొంగున వేసుకున్న ముడి లాంటిదని ఒక పక్షం. వేసుకున్న మనిషికి ‘ఏదో గుర్తు పెట్టుకోవాలి’ అని తెలుస్తుంది, పక్కవాళ్ళకు అది వట్టి ముడే. రెండో పక్షం వాళ్ళు, ఎవరి గుర్తులు వాళ్ళవైతే రాజ్యం ఎలా నడుస్తుంది అని అడిగారు. వందల మైళ్ళ దూరంలో వేసిన ఖిపుల్లో కూడా పొడుగు ముడీ, 8 ఆకారపు ముడీ ఒకే పద్ధతిలో ఉన్నాయి. అంటే ఎక్కడో నేర్పారు, ఒక పద్ధతి పెట్టారు. ఈ విషయంలో కోబో మాట పూర్తిగా నమ్మలేం. స్పానిష్ పాలన వచ్చి నూరేళ్ళు దాటాక, చదువు చెప్పే వ్యవస్థ చితికిపోయాక ఆయన చూసిన ఖిపులవి.

గోడ మీద గీతలు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ పాలవాడి లెక్క గోడ మీద బొగ్గుతో గీసేది. వీధి తలుపు పక్కన నిలువు గీతలు పాలవి. వంటింటి గుమ్మం దగ్గరవి చాకలి పద్దు. గీతలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఇది పాల గీత, ఇది చాకలి గీత అని చెప్పేది అది ఉన్న చోటు మాత్రమే. పండక్కి సున్నం వేసే ముందు ఆవిడ లెక్క తేల్చుకునేది.

ఆ గోడ పెచ్చు ఊడదీసి మ్యూజియంలో పెడితే ఎవరైనా గీతలు లెక్కపెట్టగలరు. పదిహేడు అని చెప్పగలరు. పదిహేడు ఏమిటో చెప్పలేరు.

మ్యూజియాల్లో ఉన్న ఖిపుల్లో చాలావాటికి జరిగింది అదే. పెరూ తీరపు ఎడారి సమాధుల్ని దోచుకునే వాళ్ళను అక్కడ వాకేరోలు అంటారు. బంగారం కోసం, నేతబట్టల కోసం తవ్వి, దొరికినవి అమ్ముకున్నారు. 19వ శతాబ్దం నుంచి యూరప్, అమెరికా సేకరణలకు ఖిపులు చేరింది ఎక్కువగా ఆ దారినే. ఏ ఊరు, ఏ సమాధి, పక్కన ఏముంది అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. ముడులు చెక్కుచెదరలేదు, చోటు మాత్రం పోయింది. ఖిపు అనగానే ‘రహస్య లిపి’, ‘అంతుచిక్కని సంకేతం’ అని పతాక శీర్షికలు పెడతారుగానీ, నన్నడిగితే సంకేతం కంటే పెద్ద అడ్డంకి ఈ దోపిడీయే. ఇటీవల వచ్చిన ఫలితాలు చూడండి, చాలావరకు చోటు చెడని ఖిపుల నుంచి వచ్చినవే.

లీమా పక్కనే ఉన్న పురుచుకోలో 1956లో ఒక ఇంటి నేల కింద 21 ఖిపులు ఒకేచోట దొరికాయి. చాలాకాలం వాటిని విడివిడిగానే చూశారు. 2005లో గ్యారీ అర్టన్, క్యారీ బ్రెజీన్ అనే పరిశోధకులు కంప్యూటర్‌లో అన్నిటి అంకెలూ పక్కపక్కన పెడితే, వాటిలో ఏడు ఖిపులు మూడు మెట్లుగా అమరాయి. అడుగు మెట్టులోని తాళ్ళను గుంపులుగా కూడితే వచ్చే మొత్తాలు పై మెట్టు ఖిపుల్లో ఉన్నాయి. వాటి మొత్తాలు ఆపై మెట్టులో ఉన్నాయి. ఊరి లెక్క మండలానికి, మండలం లెక్క జిల్లాకు పోయినట్టు. పై రెండు మెట్ల ఖిపుల మొదట్లో 8 ఆకారపు ముడులు మూడేసి ఉన్నాయి, అడుగు మెట్టులో అవి లేవు. అర్టన్ ఊహ ఏమిటంటే, అది అంకె కాదు, ‘పురుచుకో’ అని ఊరి పేరు. సొంత ఊళ్ళో తిరిగే కాగితం మీద ఊరిపేరు రాయం, పైఆఫీసుకు పంపేటప్పుడు రాస్తాం. ఊహే అయినా ఆలోచన బాగుంది. నిజమైతే అంకె కాని మాట ఒకటి ఖిపులో చదివినట్టు.

ఇన్కావాసికి మళ్ళీ వద్దాం. అక్కడ చోటుతో పాటు సరుకు కూడా దొరికింది. వేరుశనగ దగ్గర దొరికిన ఖిపు వేరుశనగ లెక్కే అయ్యుంటుందని నమ్మకంగా అనుకోవచ్చు. పాలగీతలు వీధి తలుపు పక్కన దొరికినట్టే. చూ, అర్టన్ కలిసి 2015లో ప్రచురించిన పరిశీలనలో ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. ఒక పెద్ద సంఖ్య, దాని పక్కన ప్రతిసారీ మారకుండా వచ్చే ఒక సంఖ్య, ఆ తర్వాత మిగిలిన సంఖ్య, ఇలా వరస కనిపించింది. వచ్చిన సరుకులోంచి ఏదో నిర్ణీత మొత్తం పక్కకు తీసి, మిగతాది నిల్వ చేశారన్నమాట. తరుగో, పన్నో, విత్తనాలకు దాచిందో చెప్పలేం. మార్కెట్ యార్డుకు సరుకు తోలిన రైతు ఎవరైనా మొదట తరుగనే అంటాడు!

సాంతా లోయ ఖిపుల కథ 2016లో కదిలింది. మానీ మెడ్రానో అప్పటికి హార్వర్డ్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రాడు. వసంతకాలం సెలవుల్లో ఇంటికి పోకుండా అర్టన్ దగ్గర పని ఒప్పుకున్నాడు. ఉత్తర పెరూలోని సాంతా లోయకు చెందిన ఆరు ఖిపులు, అదే ప్రాంతంలో 1670లో స్పానిష్ అధికారులు తీసిన జనాభా లెక్క కాగితం అర్టన్ దగ్గర ఉన్నాయి. కాగితంలో పన్ను కట్టే 132 మంది పేర్లున్నాయి. ఖిపుల్లో ఆరేసి తాళ్ళ గుంపులు 133 ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉందంటే ఒక్కో గుంపు ఒక్కో మనిషి అయ్యుండాలి. ఇంకాస్త లోతుకు దిగితే, వేలాడే తాడును ప్రధాన తాడుకు ముందువైపు నుంచి కట్టారా, వెనకవైపు నుంచి కట్టారా అన్నది ఆ మనిషి ఊళ్ళో ఏ వర్గం వాడో చెబుతూ ఉండొచ్చని, రంగులకూ మనుషుల పేర్లకూ సంబంధం ఉండొచ్చని మెడ్రానోకు అనిపించింది. 2018లో వచ్చిన ఆ పరిశోధనా పత్రానికి మొదటి రచయిత ఆ కుర్రాడే. ఇక్కడ కూడా ‘ఉండొచ్చు’ అన్న మాట వదలకూడదు. 132, 133 దగ్గరగా ఉన్నాయి, ఒకటే మాత్రం కాదు. అయినా తాడూ కాగితమూ ఒక జతగా దొరకడానికి ఇంత దగ్గరగా వచ్చిన సందర్భాలు తక్కువ.

మాట కూడా ఉందా?

మన భాషల్లో పుస్తకానికి గ్రంథం అనే పేరు ఎలా వచ్చిందో గుర్తు చేసుకుందాం. గ్రంథి అంటే ముడి. తాటాకులకు చిల్లు పొడిచి, తాడు దూర్చి, ముడి వేస్తే గ్రంథం. సూత్రం అంటే కూడా దారమే. తాళ్ళూ ముడులూ రాతకు దూరపు చుట్టాలేం కావు. మనకు ముడి ఆకుల్ని కట్టి ఉంచింది, వాళ్ళకు ముడే అక్షరమైందా అన్నది ప్రశ్న.

2015లో స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం మానవ శాస్త్రవేత్త సబీన్ హైలండ్‌ను పెరూలోని శాన్ హువాన్ దె కొయాతా అనే కొండ ఊరివాళ్ళు పిలిచి, తరతరాలుగా రహస్యంగా దాచుకున్న చెక్కపెట్టె తెరిచి చూపించారు. అందులో పాత స్పానిష్ ఉత్తరాలు, రెండు ఖిపులు ఉన్నాయి. ఇవి లెక్కలు కావు, 18వ శతాబ్దపు తిరుగుబాటు రోజుల్లో మా పెద్దలు రాసుకున్న ఉత్తరాలు అని ఊరివాళ్ళు చెప్పారు. చూస్తే నిజంగానే అంకెల ముడులు లేవు. ఉన్నవల్లా రంగులు, నూలు రకాలు, పురి దిశలు. లామా ఉన్ని, లామాకు చుట్టాలైన వికూన్యా (ఇది మెరుస్తుంది), అల్పాకా, గ్వానాకోల ఉన్ని, జింక వెంట్రుకలు, కుందేలంత ఉండే విస్కాచా బొచ్చు కూడా వాడారు. చేతి తొడుగు తీసేసి వేళ్ళతో తడిమి చూడమని, ఏ జంతువు ఉన్నో తెలియకపోతే చదవలేరని వాళ్ళు హైలండ్‌కు చెప్పారు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిందే. వందేళ్ళుగా ఖిపులను మ్యూజియాల్లో గాజు వెనక చూశారు, ఫొటోల్లో చూశారు, తెల్ల తొడుగులు వేసుకుని పట్టుకున్నారు. తడిమి చదవాల్సినదాన్ని చూసి చదవబోయారన్నమాట. మగ్గం మీద పెరిగిన వాళ్ళెవరైనా ఈ మాట మొదటి రోజే చెప్పేవారు. పట్టుకీ నూలుకీ తేడా మనం కంటితో చూసి ఊరుకుంటామా?

రెండు ఖిపుల్లో కలిపి 487 తాళ్ళు. రంగు, ఉన్ని, పురి కలిపి చూస్తే 95 రకాల గుర్తులు తేలాయి. ఈ 95 అన్నది ముఖ్యం. ఇంగ్లీషులా ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు ఉండే రాతకు పాతిక, ముప్ఫై సరిపోతాయి. చైనా రాతలా మాటకో గుర్తు ఉంటే వేలు కావాలి. తొంభై, వంద ఉన్నాయంటే క, కా, కి, కీ మాదిరిగా ఒక పలుకుకు ఒక గుర్తు ఉన్నదేమోనన్న అనుమానం వస్తుంది. గుణింతం దిద్దిన మనకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఉత్తరం చివర పంపినవాళ్ళ వంశం పేరు ఉంటుంది కదా అని హైలండ్ చివరి మూడు తాళ్ళ మీద దృష్టి పెట్టి, ‘అల్లుక’ అనే వంశం పేరు చదవడానికి ప్రయత్నించింది. రెండో ఖిపులో ‘యకాపర్’ అని ఇంకో వంశం. (అల్లుక చూడగానే మన అల్లిక గుర్తొచ్చి నాకూ గుండె ఝల్లుమంది. కాకతాళీయం, దాని మీద సిద్ధాంతాలు కట్టొద్దు.)

2017లో ఇది బయటికి వచ్చినప్పుడు ‘ఖిపు చదివేశారు’ అని రాసినవాళ్ళున్నారు. చదవలేదు. మూడు తాళ్ళ మీద ఒక పేరు ఊహించారు, అంతే. పైగా ఇవి స్పానిష్ వాళ్ళొచ్చిన రెండువందల ఏళ్ళ తర్వాత వేసిన ఖిపులు. పలుకుకో గుర్తు అన్న ఆలోచన అక్షరాల్ని చూశాక వచ్చిందేమో, ఇన్కాల కాలంలో అలా లేదేమో. ఆ అనుమానం హైలండ్‌కూ ఉంది. అర్టన్ ఒకప్పుడు ఖిపు కంప్యూటర్ సంకేతం లాంటిదని, కుడి పురి ఎడమ పురి, ముందు కట్టు వెనక కట్టు వంటి జంటలన్నీ అవును కాదు లాంటి ఎంపికలని వాదించాడు. వినడానికి బాగుందిగానీ దాంతో ఒక్క మాటా బయటికి రాలేదు.

నా వరకు నాకు ఖిపు అన్నది ఒకే ఒక్క పద్ధతి అనిపించదు. ఇన్కాలకు ముందే, సుమారు క్రీ.శ. 600 నుంచి 1000 మధ్య వెలిగిన వారీ రాజ్యంలో ఖిపులున్నాయి. వాటిలో ముడుల కంటే రంగుదారాల చుట్లు ఎక్కువ. అంత పాత వాడుక ఒక చోట పన్ను రిజిస్టరు, ఒక చోట వంశావళి, ఒక చోట పాపాల జాబితా, ఒక చోట ఉత్తరం అయ్యుంటుంది. మనమూ నోటుపుస్తకంలో సరుకుల చీటీ రాస్తాం, పాటకు స్వరం రాస్తాం, లెక్క చేస్తాం. అన్నిటికీ ఒకే తాళంచెవి వెతకడం వల్లే కొంత కాలం వృథా అయిందేమో.

అందరూ అడిగే ప్రశ్న ఇంకోటుంది: ఏఐకి ఇచ్చేస్తే అయిపోదా? ఆరువందలకు పైగా ఖిపుల వివరాలు ఇప్పుడు డిజిటల్‌గా అందరికీ అందుబాటులో ఉన్నాయి. కంప్యూటర్ సాయం గట్టిదే. కూడికలు పట్టుకోవడం, ఒకే లెక్క రెండు ఖిపుల్లో ఉంటే కలపడం దానికి బాగా వచ్చు. పద్దెనిమిదివందలకు పైగా తాళ్ళున్న, తెలిసినవాటిలో అతిపెద్ద ఖిపు ఒకటి చిలీలో దొరికింది. దాని సారాంశమే దానితో పాటు దొరికిన చిన్న ఖిపులో ఉందని ఈ మధ్య తేలింది కూడా అలాంటి లెక్కలతోనే. కానీ పదిహేడు గీతలు పాలవా చాకలివా అని కంప్యూటర్ చెప్పలేదు. దానికి తెలిపే గోడే లేదు.

2025లో వచ్చిన ఫలితం ఇంకోరకం. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం దగ్గరున్న ఒక ఖిపు ప్రధాన తాడు ఉన్నితో కాదు, మనిషి జుట్టుతో పేనింది. సుమారు 1498 నాటిదని తేలింది. మీటరుకు పైగా పొడవున్న వెంట్రుకలవి, అంత పెరగడానికి ఎనిమిదేళ్ళు పైనే పట్టి ఉంటుంది. ఆ వెంట్రుకల్లోని రసాయనాలను కొలిస్తే ఆ మనిషి ఏం తిన్నదీ తెలిసింది. దుంపలు, ఆకుకూరలు ఎక్కువ. మాంసం, మొక్కజొన్న బాగా తక్కువ. ఇన్కా పెద్దింటి విందుల్లో మాంసమూ మొక్కజొన్న కల్లూ లేకుండా ఉండవు. అంటే ఈ జుట్టు సామాన్యుడిదో, సామాన్యురాలిదో. తాడులో తన జుట్టు పేనడం సంతకం లాంటిదని హైలండ్ బృందం అంటోంది. జుట్టు ఒకరిది, ముడి ఒకరిది కాకూడదనేముంది అని నాకో అనుమానం. అయినా ఖిపు విద్య అధికారుల గుత్త సొత్తు అన్న పాత నమ్మకానికి ఇది గట్టి ప్రశ్నే. పొలంలో ఉన్నవాళ్ళకూ ముడి వెయ్యడం వచ్చేమో. వస్తే ఆ చదువు రాజ్యంతో పాటు ఒక్కరోజులో పోయి ఉండదు.

పోలేదు కూడా. లీమా పైన కొండల్లో తుపికోచా అనే ఊరుంది. అక్కడి వంశాలు కొన్నిటికి సొంత ఖిపులున్నాయి. ఫ్రాంక్ సాలమన్ అనే మానవ శాస్త్రవేత్త ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి మసలి వాటి గురించి రాశాడు. ఏటా జనవరిలో ఊరి సభ జరుగుతుంది. పాత పెద్దలు దిగిపోతారు, కొత్తవాళ్ళు బాధ్యత తీసుకుంటారు. ఆ రోజు చుట్ట విప్పి, చిక్కు తీసి, ఖిపును కొత్త పెద్ద భుజం మీదుగా జంధ్యంలా వేస్తారు. దాన్ని చదవడం ఇప్పుడు అక్కడ ఎవరికీ రాదు. ఊరి లెక్కలన్నీ కాగితం పుస్తకాల్లో, చక్కటి దస్తూరీతో, పైసాతో సహా ఉంటాయి. సభ అయ్యాక ఖిపును మళ్ళీ చుట్టి ఆ ఏటి పెద్ద ఇంట్లో భద్రం చేస్తారు, వచ్చే జనవరి దాకా.